లిల్లీ పూల అట్టతో వచ్చిన రాక్ క్యాసెట్

ఆ క్యాసెట్‌లో పాడింది నేను. పాటలు రాసింది, బాణీలు కట్టింది కూడా నేనే. ఎనభైల మధ్యలో ఒక డిసెంబరులో గుంటూరు నుంచి బయటికొచ్చింది. కొన్నవాళ్లలో చాలామంది క్రిస్మస్ కూడా కాకముందే దుకాణానికి పట్టుకొచ్చి, "ఇదేం క్యాసెట్టండీ, మార్చివ్వండి" అని అడిగారు. ఇప్పుడు ఎవరైనా "మీరు ఆ రోజుల్లోనే తెలుగులో రాక్ పాడారటగా" అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ మాటే.

మాది దర్శి దగ్గర పల్లె. నాన్న మా చర్చిలో ఉపదేశి. పాస్టరు గారు నెలకోసారి వచ్చి వెళ్లేవారు. మిగతా రోజుల్లో ప్రార్థన నడిపేది, జబ్బుపడ్డవాళ్ల మంచం పక్కన కూర్చునేది, పిల్లలకు పాటలు నేర్పేది నాన్నే. దానికొచ్చే జీతంతో ఇల్లు గడవదు కాబట్టి అమ్మ కూలికి వెళ్లేది. పత్తి తీసేది, మిరపకాయలు కోసేది, కల్లంలో ఎండబోసిన కాయల్లోంచి తెల్లబడిపోయిన తాలు కాయలు ఏరేది. నన్ను మాత్రం ఒక్కరోజు కూడా కల్లంలోకి దిగనివ్వలేదు. పదో తరగతి కాగానే గుంటూరు పంపి మిషన్ హాస్టల్లో వేశారు.

గుంటూరులో అమ్మ తమ్ముడు ఉండేవాడు. రైల్వేలో ఫిట్టరు, పెళ్లి చేసుకోలేదు. క్వార్టర్స్‌లో ఆయన పక్కింట్లో ఒక ఆంగ్లో-ఇండియన్ డ్రైవరు కుటుంబం ఉండేదట. వాళ్ల దగ్గర గిటారు నేర్చుకున్నాడు. వాళ్లు ఆస్ట్రేలియా వెళ్లిపోతూ ఒక ఎలక్ట్రిక్ గిటారు, అరిగిపోయిన కొన్ని ఇంగ్లీషు రికార్డులు ఈయనకిచ్చి పోయారు. ఆదివారం చర్చి అయ్యాక హాస్టల్ వార్డెన్ దగ్గర అనుమతి తీసుకుని మావయ్య ఇంటికి వెళ్లేదాన్ని. ఆయన కోడికూర వండి పెట్టి, ఆ రికార్డులు వేసేవాడు.

ఆ పాటల్లో మాటలు నాకు సగం కూడా అర్థమయ్యేవి కావు. కానీ పాడేవాళ్లు గొంతు చీరుకుపోయినా లెక్కలేనట్టు పాడేవారు. చర్చిలో నాకు నేర్పిన పాట వేరు. నోరు గుండ్రంగా తెరవాలి, శ్వాస వినపడకూడదు, పక్కవాళ్ల గొంతులో నీ గొంతు కలిసిపోవాలి. అది తప్పని కాదు. ఇన్నాళ్లకీ నాకు ఆ పాటలంటే ప్రేమే. కాకపోతే కోపమొచ్చినప్పుడు, దిగులేసినప్పుడు పాడుకోవడానికి నా దగ్గర వేరే గొంతు లేదు. అది ఆ రికార్డుల్లో దొరికింది.

"తెలుగులో ఇట్లా పాడొచ్చు కదా మావయ్యా?" అన్నాను ఒకసారి.

"పాడితే నవ్వుతారే," అన్నాడు. అని, గిటారు తీసుకుని, "ఏదీ, పాడు," అన్నాడు.

అలా మొదలైంది. నేను బి.ఎడ్. చేసి ఒంగోలులో ఒక ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు టీచరుగా చేరాక కూడా సెలవు దొరికితే బస్సెక్కి గుంటూరు వెళ్లేదాన్ని. నేను అద్దెకున్న ఇల్లు రోడ్డు మీదే. చీమకుర్తి నుంచి గ్రానైటు దిమ్మలు వేసుకుని లారీలు పోతుంటే వంటింట్లో గిన్నెలు గలగలమనేవి. దాని మీద ఒక పాట కట్టాను. కొత్తపట్నం సముద్రం ఒడ్డున భర్త పడవ కోసం చూస్తూ పక్కవాళ్లతో పోట్లాడే ఆవిడ మీద ఒకటి. కిటికీ పక్క సీటు కోసం బస్సులో కొట్టుకునే మనుషుల మీద ఒకటి. అమ్మ మీద ఒకటి. దానికి 'ఎర్ర కల్లం' అని పేరు పెట్టాను.

అమ్మ పాట నేను చిన్నప్పుడు చూసినదే. మిరపకాయల రోజుల్లో అమ్మ ఇంటికి రాగానే చేతులు మండుతున్నాయని పుల్లమజ్జిగలో ముంచుకుని అరుగు మీద కూర్చునేది. ఆ పూట మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. పాట పల్లవి ఇది:

పగలంతా ఎర్ర కల్లం, పొద్దుగూకితే పుల్లమజ్జిగ,
అమ్మా, నీ చెయ్యి నా తల మీద పెట్టకే,
నీ మంట నాకంటుకుంటది.

ఇది నెమ్మదిగా మొదలై, చరణం చివరికొచ్చేసరికి డ్రమ్స్, గిటారు, నా గొంతు ఒకదాన్నొకటి తోసుకుంటూ పోయే పాట.

గుంటూరులో క్యాసెట్ల దుకాణం ఉన్న ఒకాయన ప్రతి ఏడూ క్రిస్మస్‌కి ఒక పాటల క్యాసెట్ వేసేవాడు. చర్చి యువజనుల మీటింగులో మావయ్య గిటారు మీద నేనొక ప్రార్థన పాట పాడితే విని, బయట మమ్మల్ని పట్టుకున్నాడు. "ఈ గిటారు, ఈ గొంతు కుర్రకారుకి బాగా ఎక్కుతాయండీ. ఈసారి క్యాసెట్ మీరే చెయ్యండి," అన్నాడు. మిగతా పాటలేంటని ఆయన అడగలేదు. మేం వినిపిస్తామంటే, "మద్రాసులో రికార్డయ్యాక ఎట్లాగూ వింటాను కదా," అన్నాడు. తీరా అప్పటికి ఆయన పండగ సరుకు హడావుడిలో ఉండి వినలేదు.

మద్రాసు రైలెక్కింది నలుగురం. నేను, మావయ్య, పెళ్లి బ్యాండులో డ్రమ్ము వాయించే ఆయన, సినిమా పాటల ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయించే అతని స్నేహితుడు. స్టూడియోలో రికార్డింగు చేసే పెద్దాయన తెలుగాయనే. మొదటి పాట సగంలో ఆపేసి గాజు తలుపు తెరిచి వచ్చారు.

"ఏమ్మా, జలుబు చేసిందా?"

"లేదండీ. ఈ పాట ఇలాగే పాడాలి."

ఆయన మావయ్య వైపు చూశారు. మావయ్య తల దించుకుని తీగలు బిగిస్తున్నాడు. "సరే మీ ఇష్టం. మైకుకి కాస్త ఎడంగా నిలబడండి. మీటర్లో ముల్లు ఎర్రగీత దాటిపోతోంది," అని లోపలికెళ్లిపోయారు. సాయంత్రానికి ఆయనే లారీ పాటకి మళ్లీ ఒకసారి పాడమన్నారు. "బాగాలేక కాదు, ఇంకా గట్టిగా పాడగలవేమోనని," అన్నారు. నా పాట గురించి బయటివాళ్లు అన్న మొదటి మంచిమాట అదే.

క్యాసెట్ చేతికొచ్చిన రోజు అట్ట చూసి నేను, మావయ్య ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అట్ట మీద తెల్లటి లిల్లీ పూలు, పైన నక్షత్రం, పెద్దక్షరాలతో 'యువతరం క్రైస్తవ గీతాలు'. 'ఎర్ర కల్లం' అన్నది కింద చిన్నగా ఉంది. దుకాణదారు మా మొహాలు చూసి, "లిల్లీ పూలుంటేనే పోతాయండీ," అన్నాడు. ఆయన మోసం చేశాడని నేననుకోను. ఆయనకు తెలిసిన క్యాసెట్టు ఆయన వేశాడు.

క్రిస్మస్ సెలవులకి ఒక క్యాసెట్ తీసుకుని ఊరెళ్లాను. నాన్న దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఆ మధ్యాహ్నం చర్చికి రంగు కాగితాలు కడుతున్నారు, మైకుసెట్టు అప్పుడే తెచ్చి బిగించారు. "ముందు మనమొకసారి ఇంట్లో విందాం నాన్నా," అన్నాను. "ఇంట్లో టేపురికార్డరు ఎక్కడిదమ్మా? అందరితో పాటు నేనూ వింటాను," అని తీసుకెళ్లి మైకుసెట్టు అతనికిచ్చాడు.

మొదటిది లారీ పాట. డ్రమ్ము మొదలవగానే చర్చి కప్పు మీద పావురాలు లేచిపోయాయి. కాగితాలు కడుతున్న పిల్లలు ముందు బిత్తరపోయి, తర్వాత గెంతడం మొదలుపెట్టారు. ఆడవాళ్లు ఇళ్లలోంచి బయటికొచ్చారు. సంఘ పెద్ద ఒకాయన, నాన్నకంటే వయసులో పెద్దవాడు, గబగబా వచ్చి, "ఏంది ఉపదేశి గారూ ఇది? ఎవరో తప్పు క్యాసెట్టు పెట్టారు," అన్నాడు.

"కాదు. మా అమ్మాయిదే," అన్నాడు నాన్న.

ఈలోగా రెండో పాట మొదలైంది. పగలంతా ఎర్ర కల్లం. రెండు మైకుల్లోంచి నా గొంతు పేటంతా వినిపిస్తోంది. అమ్మతో కలిసి కల్లాలకు పోయే ఆడవాళ్లందరూ అక్కడే ఉన్నారు. ఒక్కొక్కరే తల తిప్పి మా ఇంటి వైపు చూశారు. అమ్మ గడప దగ్గర సున్నం కుంచె పట్టుకుని నిలబడి ఉంది. పాట చివరికొచ్చి నేను అరుస్తున్న చోట ఆ పెద్దాయన నాన్న భుజం పట్టుకుని, "ఇక ఆపించవయ్యా," అన్నాడు.

"పాట అయ్యాక ఆపుదాం," అన్నాడు నాన్న.

పాట అయింది. నాన్నే వెళ్లి ఆపాడు. నేను చూసేసరికి అమ్మ గడప దగ్గర లేదు. లోపల గోడకి సున్నం వేస్తోంది. ఆ సెలవుల్లో నాతో అన్నం తిన్నావా, నీళ్లు తోడావా అన్న మాటలే తప్ప వేరే మాట్లాడలేదు.

పండగయ్యాక పాస్టరు గారు వచ్చారు. మేం ఆయన్ని అయ్యగారూ అనేవాళ్లం. ఆయన కోప్పడే మనిషి కాదు. మా అరుగు మీద కూర్చుని, "పాటల్లో చెడ్డమాట ఒక్కటీ లేదమ్మా. కానీ దేవుడి మాట కూడా లేదు. అట్ట చూసి కొన్నవాళ్లు ఏమనుకోవాలి?" అన్నారు.

నాకంటే ముందే నాన్న అందుకున్నాడు. "ప్రార్థనలో మన ఆడవాళ్లు ఏడుస్తారు కదండీ అయ్యగారూ. అప్పుడు కల్లంలో మంటల గురించే కదా ఏడ్చేది. అక్కడ తప్పు కానిది క్యాసెట్టులో తప్పవుతుందా?"

అయ్యగారు టీ గ్లాసు అందుకున్నారు. "తప్పని నేననలేదు," అన్నారు. టీ తాగి వెళ్లిపోయారు. ఆయన వెళ్లాక నాన్న నన్నొక మాట అడిగాడు. "ఇది ఎవరి కోసం పాడావమ్మా? దేవుడి కోసం పాడితే ఆయన వింటాడు. మనుషుల కోసం పాడితే ఏ మనుషులో అనుకునే పాడి ఉంటావుగా?" నాకోసం అనాలనిపించింది. కానీ నాకోసమే అయితే మద్రాసు దాకా ఎందుకు వెళ్లినట్టు? తెలియదన్నాను. "తెలుసుకో," అన్నాడు. అది దెప్పిపొడుపు కాదు. నాన్న నిజంగానే తెలుసుకోమన్నాడు.

గుంటూరులో క్యాసెట్లు వెనక్కి వస్తూనే ఉన్నాయి. దుకాణదారు గట్టివాడు, నష్టపోలేదు. పాటలు చెరిగిపోకుండా క్యాసెట్టు వెనక విరగ్గొట్టిన చిన్న రెక్కల చోట కాగితం అతికిస్తే దాని మీద మళ్లీ రికార్డు చేసుకోవచ్చు. వెనక్కొచ్చిన వాటి మీద సినిమా పాటలు ఎక్కించి అమ్మేశాడు. ఆ సినిమా పాటలు అయిపోయాక చివర్లో కాస్త టేపు మిగిలేది. అక్కడ ఉన్నట్టుండి నా గొంతు వచ్చేదట. మావయ్య ఒకసారి నరసరావుపేట బస్సులో వెళ్తుంటే డ్రైవరు పెట్టిన క్యాసెట్టులో ఒక ప్రేమ పాట అవగానే నా కిటికీ సీటు పాట సగం నుంచి అందుకుందట. డ్రైవరు తల ఊపుతూ, "ఇదేదో కొత్త సినిమాలాగుంది," అన్నాడట. మావయ్య అది చెప్పి పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ రాత్రి మాత్రం ఒంగోలు వచ్చాక ఏడుపొచ్చింది.

ఒక వారపత్రికలో నాలుగు వాక్యాలు రాశారు. ఆడపిల్ల అంత గొంతేసుకుని అరవడం తెలుగుతనానికి నప్పదని, సాహిత్యం మాత్రం పరవాలేదని. రేడియోకి పంపితే ఒక అధికారి మర్యాదగానే మాట్లాడారు. "లలిత గీతం కాదు, జానపదం కాదు, భక్తి గీతమూ కాదు. ఏ కార్యక్రమంలో వెయ్యమంటారు చెప్పండి?" అన్నారు. నిజమే, నేను కూడా చెప్పలేకపోయాను.

మా స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్ గారు విన్నారు. మడిగా ఉండే బ్రాహ్మణ కుటుంబం ఆవిడది, వీణ వచ్చు. పిలిచి తిడతారనుకుంటూ వెళ్లాను. "హాస్టల్ పిల్లలు బట్టలుతుక్కుంటూ నీ లారీ పాట పాడుతున్నారు. బండమీద కొట్టే దెబ్బకి తాళం సరిగ్గా సరిపోతోంది," అన్నారు. నేను బయటికొస్తుంటే, "క్లాసులో మాత్రం పాడనివ్వకు," అన్నారు. నాకు ఆ మాట చాలా రోజులు తోడుంది.

ఫిబ్రవరి చివర్లో ఒక శనివారం ఊరెళితే ఇంట్లో ఎవరూ లేరు. అమ్మ కల్లంలో ఉందన్నారు. నేరుగా అక్కడికే వెళ్లాను. కనుచూపు మేర ఎర్రగా పరిచిన కాయలు. ఘాటుకి గట్టు మీదే దగ్గొచ్చింది. అమ్మ నలుగురు ఆడవాళ్లతో కూర్చుని తాలు ఏరుతోంది. నన్ను చూసి, "నువ్వెందుకొచ్చావే ఇక్కడికి?" అని అరిచి, లేచి గట్టు దగ్గరికి వచ్చింది. నన్ను లోపలికి అడుగు పెట్టనివ్వలేదు.

"నా మీద కోపం పోలేదామ్మా?" అన్నాను.

"కోపమెందుకు?"

"పాట పెట్టిన రోజు నుంచి సరిగ్గా మాట్లాడట్లేదు నువ్వు."

అమ్మ ముఖం తుడుచుకుంది. చేతివేళ్లు తగలకుండా మణికట్టుతో తుడుచుకుంది. "కూలి పని చేస్తానని అందరికీ తెలిసిందేగా. నువ్వు పాడినందుకు నాకు సిగ్గేం లేదు," అంది. "కానీ ఆ మాటెందుకు రాశావే? చెయ్యి తల మీద పెట్టకే అని. నువ్వెప్పుడన్నావ్ ఆ మాట?"

నాకు అర్థం కాలేదు.

"నువ్వు ఎత్తుకోమని ఏడ్చేదానివి. కాళ్లు చుట్టేసుకునేదానివి. నేనే ఎత్తుకోలేదు, నీకు మంట పుడుతుందని. మీ నాన్న నిన్ను ఎత్తుకుని అవతలకి తీసుకుపోతుంటే నా వైపు చేతులు చాచేదానివి. నేను చూసేదాన్ని. అంతేగానీ నా చెయ్యి వద్దని నువ్వు ఏనాడూ అనలేదు. పాటలో మటుకు నా కూతురే నన్ను ముట్టుకోవద్దన్నట్టు రాశావు. అది విని నాతో పనిచేసేవాళ్లు, 'అయ్యో, పిల్ల అట్లా అనేదా' అని నన్ను ఓదార్చారు."

వెనక నుంచి ఒకావిడ, "ఏందక్కా, తల్లీకూతుళ్లు ఎండలో సభ పెట్టారు?" అని కేకేసింది. అమ్మ వస్తున్నానని చెప్పి, "ఇంటికెళ్లి అన్నం వార్చు. పచ్చిపులుసు చేసి పెట్టాను," అని వెనక్కి వెళ్లిపోయింది.

పత్రిక వాళ్లు అన్నది, రేడియో వాళ్లు అన్నది, పెద్దలన్నది అన్నీ నా గొంతు గురించి, డ్రమ్ముల గురించి, అది ఏ రకం పాటన్నదాని గురించి. పాటలో మాట ఒకటి నిజం కాదన్నది అమ్మ ఒక్కతే. ఆ మాట నేను కావాలని అబద్ధంగా రాయలేదు. పాటకి బాగుందని వచ్చింది. బాగున్నదాన్ని నేను నిజమనుకున్నాను. అది రాసేవాళ్లందరికీ జరిగేదేనని తర్వాత తెలిసింది, కానీ అప్పుడు అన్నం వారుస్తూ చాలాసేపు పొయ్యి ముందే కూర్చుండిపోయాను.

ఆ ఎండాకాలమంతా ఆ లైను మార్చడానికి తంటాలు పడ్డాను. చివరికి ఇలా కుదిరింది: 'అమ్మా, నీ చెయ్యి నా తల మీద పెట్టవే, మండితే మండనీ.' మావయ్య విని, గిటారులో ఆ చోట ఒక స్వరం కిందికి దించాడు.

మరుసటేడు దర్శిలో స్త్రీల కూడికకి నన్ను పాడమని పిలిచారు. పిలిచింది ఆ సంఘ పెద్ద భార్యే. "మా ఆయన సంగతి వదిలెయ్యమ్మా, నువ్వొచ్చి ఆ కల్లం పాట పాడు," అంది. పందిరి కింద రెండు మూడు ఊళ్ల ఆడవాళ్లు, చాలామంది కూలిపని చేసేవాళ్లే. డ్రమ్ములు లేవు. మావయ్య గిటారు ఒక్కటే. మార్చిన లైను వచ్చేసరికి అమ్మ కోసం చూశాను. రెండో వరసలో కూర్చుని ఉన్న అమ్మ అప్పుడే లేచి, అన్నం అడుగంటుతోందని వంట దగ్గరికి వెళుతోంది. విన్నదో లేదో తెలియలేదు. పక్కనున్నవాళ్లు మాత్రం రెండోసారి పాడమన్నారు. మూడోసారి వాళ్లే పాడారు, నాకంటే నెమ్మదిగా, ఎవరి రాగం వాళ్లది.

బస్సులో ఇంటికి వచ్చేటప్పుడు అమ్మని అడిగాను, ఎలా ఉందని. "బాగానే ఉంది. నాకైతే ఆ లారీ పాటే ఇష్టం," అంది. "ఎందుకమ్మా?" అంటే, "దాంట్లో నేను లేనుగా," అని కిటికీలోంచి బయటికి చూసింది. నవ్వుతోందని వెనకనుంచి తెలిసింది.

ఆ తర్వాత పత్తికి తెల్లదోమ పట్టిన ఏడు వచ్చింది. ఎన్ని మందులు కొట్టినా ఆకు నల్లబడి జిగటలాగా అయిపోయేది. మా స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె పది రోజులు రాలేదు. కౌలుకి పత్తి వేసిన వాళ్ల నాన్న ప్రాణం తీసుకున్నాడని తెలిసింది. ఆదివారం వాళ్ల ఊరు వెళ్లాను. దారిపొడవునా నా తలలో ఒక బాణీ తిరుగుతోంది. వద్దనుకున్నా ఆగడం లేదు.

ఆ పిల్ల తల్లి వసారాలో చాప వేసి కూర్చోబెట్టింది. నేను పాటలు పాడే టీచరునని కూతురు చెప్పిందట. చాలాసేపు ఏవేవో మాట్లాడుకున్నాక తనే అడిగింది.

"మా ఆయన మీద పాట కడతారా టీచరమ్మా?"

"మీరు కట్టమంటే కడతాను. వద్దంటే కట్టను."

ఆమె గుమ్మం వైపు చూసింది. లోపల పిల్ల చదువుతున్న పాఠం వినిపిస్తోంది.

"వద్దమ్మా," అంది. "దాన్ని మాత్రం స్కూలు మానిపించను. రేపటి నుంచి పంపిస్తా."

సరేనన్నాను. ఆ బాణీకి ఇంతవరకు మాటలు రాయలేదు. మర్నాడు ఆ పిల్ల నూనె రాసి దువ్విన జడలతో వచ్చి ముందు బెంచీలో కూర్చుంది. నేను ఆగిన చోటు నుంచి పద్యం మొదలుపెట్టాను.